పేడనీళ్ల కేసు

ఆడపిల్లల హోముల్లో వార్డెన్లుగా చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే. "మొండిపిల్లల్ని దారికి తేవడం ఎలాగండీ?" దారికి తేవడానికి వాళ్లేమైనా తప్పిపోయిన దూడలా అని ముందు కసురుతాను. నా నోరు మంచిది కాదు. ఆ సంగతి నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. కసిరాక కాఫీ ఇచ్చి ఈ కథ చెబుతాను. ఇప్పుడు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకని రాసి పెడుతున్నాను. ఇది నేను గెలిచిన కేసు. ఓడినవీ ఉన్నాయి గానీ, వాటి గురించి నన్ను అడక్కండి.

అప్పటికి మన్యంలో పితూరీ చల్లారి ఎంతో కాలం కాలేదు. కొండ మీద నలుగురు కలిసి గట్టిగా నవ్వితే కింద కచేరీలో ఎవడో ఒకడు ఉలిక్కిపడే రోజులు. నాది బొబ్బిలి వైపు. మిషను బడిలో చదువుకుని, టీచరు ట్రెయినింగు అయ్యి, పెళ్లి మాట ఎత్తినవాళ్లందరితో పోట్లాడి కొండెక్కాను. డుంబ్రిగుడ సంతకి నడిచి వెళ్లి రాగలిగినంత దూరంలో ఒక ఆడపిల్లల హోము ఉండేది. అందులో నేను మేట్రన్ని. పిల్లల్ని పెద్దల జైళ్లలో వేయకూడదని సర్కారువారికి అప్పుడప్పుడే తోస్తోంది. అందుకని పోలీసులు పట్టుకున్న ఆడపిల్లల్ని విచారణ అయ్యేదాకా మా దగ్గర ఉంచేవారు.

హోముకి పెద్ద ఒక దొరసాని. మంచి మనిషి. పిల్లలకి జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చునేది. కానీ ఆవిడకి ఒక పిచ్చి ఉండేది. నేరాలు చేసేవాళ్ల తలకాయలు పుట్టుకతోనే వేరుగా ఉంటాయని ఆవిడ దేశంలో ఎవరో పెద్దమనిషి చెప్పాడట. కొత్తపిల్ల రాగానే దర్జీవాళ్ల టేపు తీసి నుదురు, చెవులు, దవడ కొలిచేది. పోల్చడానికి ఒక మంచి తల కూడా కావాలని ఒకరోజు నా తల కొలిచింది. అంతకుముందు వారం వచ్చిన కోళ్ల దొంగ తలా, నా తలా అచ్చంగా ఒక్కటే వచ్చాయి. నేను పడీపడీ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మళ్లీ కొలిచింది.

ఆ చైత్రమాసంలో ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక పిల్లని తీసుకొచ్చారు. పద్నాలుగేళ్లుంటాయేమో. జుట్టు నిండా వాడిపోయిన అడవిపూలు, మోచేతుల దాకా ఎండిపోయిన పేడ. ఆ పిల్లతోపాటు కాగితంలో చుట్టిన ఒక దొరటోపీ కూడా వచ్చింది. అది సాక్ష్యం అన్నారు.

"అమ్మగోరూ, ఇది గుంట కాదండి, పిడుగు" అన్నాడు పెద్ద కానిస్టేబులు, చెమట తుడుచుకుంటూ. "ఈల్లూరి ఆడోల్లు దారికి అడ్డంగా వెదురుగెడ కట్టినారండి. రేంజరుగోరు అడివిలోంచి గుర్రమ్మీద వత్తన్నారు. 'ఏటి తెచ్చినావు' అని ఈల్లడిగినారంట. రేంజరుగోరు కొరడా ఎత్తీసరికి మిగతావోల్లు ఎనక్కి తగ్గినారు. ఇది మాత్రం కుండెడు పేడనీల్లు ఆరి నెత్తిమీద కుమ్మరించీసింది. గుర్రం బెదిరి ఆరు కిందపడిపోనారు. టోపీ దొర్లిపోతే ఇది తీసి నెత్తినెట్టుకుని డేన్సాడిందండి!"

ఆ చివరి మాట దగ్గర అతని మీసం కింద నవ్వు కదిలింది గానీ, వెంటనే మింగేశాడు.

కేసు మాత్రం నవ్వులాట కాదు. దారి కాశారు, సర్కారు ఉద్యోగి మీద పడ్డారు, సొత్తు లాక్కున్నారు. పితూరీ అయిన కొత్తల్లో ఈ మూడు మాటలూ పక్కపక్కన చేరితే ఊరు ఊరంతా కటకటాల వెనక్కి పోవచ్చు. ఊళ్లో మగవాళ్లని కట్టేయడానికి పోలీసులు వెళ్తే ఈ పిల్లే ముందుకొచ్చి "నానే పోసినాను, నన్నట్టుకోండి" అందట. కింది మేజిస్ట్రేటు పాపం సర్దుబాటు చేద్దామనే చూశాడు. "రేంజరు గారి కాళ్ల మీద పడి తప్పయిందను, వదిలేస్తాను" అన్నాడట. అనను అంది. ఎంతమంది చెప్పినా అదే మాట. దాంతో కేసు డిప్యూటీ కలెక్టరు గారి మకాముకి వెళ్లింది. ఆయన కూడా తప్పే అంటే పిల్లని పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మైదానంలో ఉన్న దిద్దుబాటు బడికి పంపించేస్తారు.

మైదానానికి దించిన కొండపిల్లల గతేమిటో నాకు తెలుసు. అంతకుముందు ఏడు మేమే ఒకతెను పంపాం. ఆ పిల్ల తిరిగి రాలేదు. జ్వరం అని ఒక్క ముక్క రాశారు.

అందుకని వచ్చిన రోజునే పిల్లని కూర్చోబెట్టాను.

"ఒక్క మాటతో పోయేదానికి ఎందుకే ఇంత? తప్పయిందండీ అను. ఇంటికి పోతావు."

"నానేటి తప్పు సేసినాను?"

"మనిషి నెత్తి మీద పేడనీళ్లు పోస్తే తప్పు కాదూ?"

"ఆడు ఒట్టి సేతుల్తో వచ్చినాడు కదమ్మా."

"వస్తే?"

అన్నం ఎందుకు తింటారని అడిగినదాన్ని చూసినట్టు చూసింది నన్ను. "వత్తే పొయ్యరేటి?" అంది.

ఒట్టి చేతులంటే నాకు ఒకటే అర్థమైంది, మామూలు ఇవ్వలేదని. ఓరి దేవుడా, ఇది మామూళ్లు కూడా వసూలు చేస్తోందా అనుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకే తల్లీ అని చెప్పి లేచాను. దొరసాని అప్పటికే టేపు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున ఇంకో గొడవ. మా హోము గేటు దగ్గర ఒక పాత సిపాయి కావలి ఉండేవాడు. ఏ యుద్ధంలోనో కాలు కుంటుపడింది గానీ మీసం మాత్రం కుంటుపడలేదు. దొరసాని భోజనానికి అడవికోడిని కొడతానని తెల్లారకముందే తుపాకి పట్టుకుని పోతుండేవాడు. ఆరోజు ఏమీ దొరక్క ఉత్తచేతులతో వచ్చాడు. గేటు లోపల అడుగుపెట్టాడో లేదో, గోడ చాటు నుంచి ఈ పిల్ల వచ్చి, అలకడానికి కలిపి పెట్టిన పేడనీళ్ల బాల్చీ అతని నెత్తిన బోర్లించేసింది.

అతను వేసిన కేకకి హోమంతా పోగయింది. పిల్ల పారిపోలేదు. దాక్కోలేదు. బాల్చీ పక్కన పెట్టి, పనైపోయిందన్నట్టు చేతులు దులుపుకుంది. దొరసాని ముఖం పాలిపోయింది. "చూశావా, ఇది అలవాటు. ఈ పిల్ల తనని తాను ఆపుకోలేదు" అంది ఇంగ్లీషులో. నాకూ ఒళ్లు మండిపోయింది. ఇంత చేసినందుకు నీకు మధ్యాహ్నం గంజి లేదు పొమ్మన్నాను. ఆమాట నిలబెట్టుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

కానీ ఆ తర్వాతి రోజు సిపాయి రెండు అడవికోళ్లతో వచ్చాడు. గేటు దగ్గర భయంభయంగా ఆగి, కోళ్లని డాలులాగా ముందుకు పట్టుకుని లోపలికొచ్చాడు. ఆ పిల్ల ఎదురెళ్లి చప్పట్లు కొట్టి, వాళ్ల భాషలో ఏదో పాట అందుకుని, అతని చుట్టూ ఒక చుట్టు తిరిగింది. సిపాయి బిత్తరపోయాడు. నేను బియ్యం ఏరుతున్నదాన్ని ఏరుతున్నట్టే ఆగిపోయాను. ఆపుకోలేని పిల్లయితే ఈరోజు ఎలా ఆగింది? పైగా నిన్న పేడనీళ్లతో తడిపేసిన మనిషి చుట్టూ పాట పాడుతుందా?

అమ్మాయిలూ, నేను చెప్పేది ఇదే. పిల్ల ఏం చేసిందో ఎవరైనా చెబుతారు. ఎప్పుడు చేయలేదో చూడండి.

ఆ వారంలోనే సంతకి ఉప్పూ చింతపండూ తేవడానికి గొడుగేసుకుని బయలుదేరాను. దారిలో ఒక ఊరి మొదట్లో వెదురుగెడ అడ్డంగా ఉంది. గెడకి అటూ ఇటూ ఆడవాళ్లు, పసుపు రాసుకుని పూలు పెట్టుకుని, చేతులు చేతులు పట్టుకుని ఊగుతున్నారు. నన్ను చూడగానే ఒకటే కేరింతలు.

"ఒలమ్మో, గొడుగమ్మోరు వత్తన్నాది! పజోరియ్యి, పజోరు!"

పజోరంటే పండగ మామూలు. ఇటుకల పండగ అంటే చైత్రమాసంలో వచ్చే వేట పండగ, ఆ రోజుల్లో ఆ దారిన పోయే వాళ్లెవరైనా సరే ఏదో ఒకటి ఇస్తే గానీ గెడ లేవదు. నాకు అప్పటికి ఇవేమీ తెలీవు. సంచిని గట్టిగా పట్టుకుని, "ఏటిది, దారి వదలండి" అన్నాను. కోపమొస్తే నాక్కూడా మా ఊరి యాసే వస్తుంది. అది విని వాళ్లు ఇంకా నవ్వారు. ఒక ముసలమ్మ నా గొడుగు పట్టుకుని లాగింది.

"గొడుగు నాను ఇవ్వను" అన్నాను.

"అయితే డబ్బులియ్యి. డబ్బుల్లేకపోతే ఓ ఆటాడు."

ఆట కన్నా ఒక కానీ బిళ్ల ఇవ్వడమే మేలనిపించింది. ఇచ్చాను. గెడ లేచింది. అదే సమయానికి అడవి వైపు నుంచి ఊరి మగవాళ్లు దిగుతున్నారు. విల్లంబులు, బరిసెలు, రెండు తుపాకులు. ముందు వచ్చినవాళ్ల భుజం మీద కుందేళ్లు వేలాడుతున్నాయి. వాళ్లకి ఎదురెళ్లి ఆడవాళ్లు పాట అందుకున్నారు, అచ్చంగా మా సిపాయికి ఆ పిల్ల పాడినట్టే. వెనకవచ్చిన గుంపు చేతులు ఖాళీ. "ఏటి తెచ్చినారు?" అని అరిచారు ఆడవాళ్లు. మగవాళ్లు తలలు వంచుకున్నారు. ఇంకేముంది, కుండలు లేచాయి. అందరికన్నా ముందు తడిసింది ఆ ఊరి పెద్ద. తెల్లతల మీంచి పేడనీళ్లు కారుతుంటే ముసలాయన సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. కోపం అన్నది ఎవరి ముఖంలోనూ లేదు.

నేను దారి పక్క రాయి మీద కూలబడిపోయాను. సంత మాట మర్చిపోయాను.

"ఎందుకు పోస్తారు అత్తా?" అని నా గొడుగు లాగిన ముసలమ్మనే అడిగాను.

"అడివి ఒట్టి సేతుల్తో పంపీసిందంటే ఒంటిమీద ఏటో దిట్టి ఉన్నట్టు కదా. కడిగీయాల. కడక్కపోతే రేపూ ఏటీ దొరకదు. ఏటకి దొరక్కపోతే పంటకీ అదే గతి."

"పోసినందుకు తప్పయిందని అంటే?"

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. "పోసిందాన్ని ఎనక్కి తీసుకుంటారేటి? ఊరంతటికీ సెడుపు. ఆ రెండు కొండల అవతల ఊరి గుంట అందుకే కదా అననన్నాది. దాన్నట్టుకెల్లిపోయిన కాన్నుంచి ఆ ఊరోల్లు పండగ ఆపీసినారు. ఏటకెల్లరు. ఇత్తనాల గంప దింపరు. గుంట వత్తేగానీ దుక్కి లేదంట."

చినుకులు పడే వేళకి గంపలోనే విత్తనం ఉంటే ఆ ఊరు ఆ ఏడు ఏం తింటుంది? ఆ పిల్ల నోటి నుంచి రాని ఒక్క మాట మీద ఊరి తిండి ఆగి ఉందని నాకు ఆ రాయి మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ మాట అనమని రోజూ పొద్దునా సాయంత్రం పిల్ల ప్రాణం తీసింది నేనే.

ఉప్పు లేకుండా తిరిగొచ్చాను. పిల్ల కంచె దగ్గర కూర్చుని దూరంగా వినిపించే డప్పుల వైపు చూస్తోంది. పక్కనే చతికిలబడ్డాను.

"రేంజరు మీద నీకు కోపమా?"

"కోపమేటి? ఏటకెల్లి ఒట్టి సేతుల్తో వచ్చినాడు, ఆడికి మంచే సేసినాను. మర్నాడు ఏటకెల్లుంటే దొరికీది. ఎల్లకుండా పోలీసులకాడికెల్లినాడు, బుద్దిలేనోడు."

"మరి టోపీ?"

పిల్ల కాసేపు నేల గోకింది. మొదటిసారి దాని ముఖంలో పద్నాలుగేళ్ల పిల్ల కనిపించింది.

"టోపీ బాగుందమ్మా" అంది మెల్లగా. "అదొక్కటీ తప్పే."

నవ్వాపుకోలేకపోయాను. తప్పు చేసిన పిల్లలు లేరని నేనెప్పుడూ అనను. మా హోములో కోళ్ల దొంగ నిజంగానే కోళ్లు దొంగిలించింది, ఇంకో పిల్ల అత్తవారి గడ్డివామికి నిజంగానే నిప్పు పెట్టింది. వాళ్ల కథలు వేరు. కానీ ఏది తప్పో ఏది కాదో ఇంత శుభ్రంగా విడదీసి చెప్పిన మనిషిని, పిల్లల్లో గానీ పెద్దల్లో గానీ, నేను అంతకుముందు చూడలేదు.

దొరసాని దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విని, "ఇది ఆచారమే కావచ్చు. కానీ చట్టం ముందు ఆచారం నిలబడదు. ఆ పిల్ల తల కొలతలు కూడా..." అంటూ ఉండగానే నా నోరు ఊరుకోలేదు. "తలలు కొలిచారు గానీ పంచాంగం చూశారా అమ్మా? పండగ నెలలో తప్ప ఆ పిల్ల ఎవరి మీదా చుక్క నీళ్లు చల్లలేదు. పుట్టుకతో వచ్చిన నేరం ఒక్క చైత్రమాసంలోనే వస్తుందా?" అన్నాను. ఆవిడ టేపు చుట్టడం మొదలుపెట్టింది. ఉద్యోగం ఊడిందే అనుకున్నాను. చివరికి, "డిప్యూటీ కలెక్టరుకి ఈ సంగతి నువ్వే చెప్పుకో. నేను అడ్డురాను" అంది.

డిప్యూటీ కలెక్టరు గారు తెలుగాయనే. భారీ మనిషి, కోపిష్టి అని పేరు. మకాముకి వస్తే ముందు వేట, తర్వాతే కచేరీ. వాగు పక్కన డేరాలు వేశారు. విచారణ రోజున కూడా తెల్లవారుజామునే రేంజరుని వెంటబెట్టుకుని అడవికి పోయారనీ, తిరిగొచ్చేటప్పుడు మా హోము వరండాలోనే కేసు చూస్తారనీ కబురొచ్చింది.

నా గొడుగు లాగిన ముసలమ్మ ఊళ్లో పండగ ఇంకా నడుస్తోంది. కానీ దారి బోసిగా ఉంది. గెడ లేదు, పాట లేదు. ఊళ్లోకి వెళ్తే ఆడవాళ్లంతా అరుగుల మీద ముడుచుకు కూర్చున్నారు.

"ఏం అత్తా, ఈవేళ దారి కాయరా?"

"రేంజరుగోరు మనిసిని పంపినారు. దొరగోరు వత్తన్నారు, గెడ కనిపిత్తే అందర్నీ కట్టీసి తీసుకుపోతారంట" అంది ఆ ముసలమ్మ.

అప్పుడు నాకు వచ్చింది ఆ ఆలోచన. ఆలోచన కూడా కాదు, ఉక్రోషం. నేను వరండాలో నిలబడి ఆచారం గురించి ఎంత చెప్పినా ఆ మాటలు ఫిర్యాదు కాగితాల కింద నలిగిపోతాయి. కళ్లతో చూస్తే వేరు. "గెడ తీసుకురండి. హోము గేటు ముందు కడదాం. మొదటి కొన నేను పట్టుకుంటాను. కట్టేస్తే నన్ను కట్టేస్తారు" అన్నాను.

"నువ్వా! నువ్వు గెడట్టుకుంటావేటి అమ్మగోరూ?"

"ఏం, నాకు చేతులు లేవా?"

వాళ్లలో వాళ్లు ఏదో గుసగుసలాడుకున్నారు. ముసలమ్మ లేచి కొప్పు ముడుచుకుంది. "బేగి రండర్రా, పేడ కలపండి" అంది.

అలా తెల్లచీర కట్టుకున్న మిషను మేట్రను, వెదురుగెడ పట్టుకుని నడిదారిలో నిలబడింది. పిల్లలు గేటు దగ్గర మూగారు. సిపాయి నా వెనకాల నిలబడి, "అమ్మా, నా ఉద్యోగం కూడా పోతుందేమో" అని నసిగాడు. మళ్లీ తనే, "అయినా నా మీద పోసిన మర్నాడే రెండు కోళ్లు దొరికాయి. ఆ ముక్క దొరగారికి చెప్పండి" అన్నాడు. నేను గెడని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

గుర్రాలు వంపు తిరిగాయి. ముందు డిప్యూటీ కలెక్టరు గారు, వెనక రేంజరు, ఆ వెనక తుపాకులు మోస్తూ బంట్రోతులు. ఎవరి దగ్గరా ఒక పిట్ట ఈక కూడా లేదు.

"ఏమిటమ్మా ఇది?"

"పండగండి. దారి కాశాం."

"మీరెవరు?"

"ఈ హోము మేట్రన్నండి."

"మేట్రను దారి కాయడమేమిటి!"

"ఈరోజు ఇక్కడ ఆడవాళ్లంతా కాస్తారండి. నేనూ ఇక్కడే ఉంటున్నాను కదా."

రేంజరు గుర్రాన్ని ముందుకు దూకించాడు. "సార్, నేను చెప్పలేదూ? వీళ్ల పొగరు చూడండి! అదిగో, ఆ పిల్లే, గేటు దగ్గర!"

ఈ గోలంతా పట్టనట్టు ముసలమ్మ గొంతు సవరించుకుంది. పాత ప్రశ్నే అడిగింది. "దొరగోరూ, అడివి నుంచి ఏటి తెచ్చినావు?"

ఆయన ఆమె వంక చూశారు, తన జీను వంక చూసుకున్నారు. "ఏమీ తేలేదు" అన్నారు.

పేడనీళ్ల కుండ ముసలమ్మ కాళ్ల దగ్గరే ఉంది. ఆమె వంగలేదు. ఎవరూ వంగలేదు. ఇంతలో గేటు తోసుకుని ఆ పిల్ల వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. కుండ ఎత్తి నడుం మీద పెట్టుకుని ఆయన గుర్రం ముందు నిలబడింది. పోస్తే, ఆయనకి కోపం వస్తే, ఈ సాయంత్రమే పిల్ల కొండ దిగిపోతుంది. ఆగు అని నేనొక్క మాటంటే ఆగేది. అనలేదు.

"సార్," అన్నాను. "వేటకి వెళ్లి ఒట్టి చేతులతో వచ్చినవాళ్ల దిష్టి కడిగెయ్యాలని వీళ్ల నమ్మకం. కడిగితే మర్నాడు దొరుకుతుందట. ఆరోజు రేంజరు గారికి ఈ పిల్ల చేసింది ఇదేనండి. ఇంకేం లేదు."

ఆయన వెనక్కి తిరిగి ముసలి బంట్రోతుని అడిగారు. అతను ఈ కొండవాడే. "నిజమేనా?"

"నిజమే బాబూ. మా తాతకీ పోసినారు, మా అయ్యకీ పోసినారు. నాకయితే ఎన్నిసార్లో సెప్పలేను."

అందరం ఆయన ముఖమే చూస్తున్నాం. ఆయన మీసం మెలివేస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నారు. "నిన్న దొరకలేదు. మొన్నా దొరకలేదు" అని గొణుక్కున్నారు. నేను తర్వాత ఎంతోమంది అధికారుల్ని చూశాను. వేటగాళ్లకున్నన్ని నమ్మకాలు పూజారులకి కూడా ఉండవు. ఆయన గుర్రం దిగి, టోపీ తీసి బంట్రోతు చేతికిచ్చి, ఆ పిల్ల ముందు తల వంచారు.

"పొయ్యమ్మా" అన్నారు.

పోసింది. పొదుపుగా, అభిషేకం చేసినట్టు సగం కుండ పోసింది. ఆయన ముఖం తుడుచుకుని వెనక్కి తిరిగారు.

"రేంజరు గారూ, దిగండి. వేటకి మనం ఇద్దరం కలిసే వెళ్లాం."

ఆ మిగతా సగం మాత్రం పొదుపుగా పొయ్యలేదు.

ఆడవాళ్ల కేకలకి కొండ మారుమోగిపోయింది. సిపాయి తన కుంటికాలితోనే గంతేశాడు. నేను గెడ వదిలేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు.

వరండాలో విచారణ జరిగింది, తడి బట్టలతోనే. రేంజరు ఫిర్యాదు చదివించుకుని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "దీని ప్రకారం అయితే నేనూ ఫిర్యాదీనే. నా కేసు ఎవరు చూస్తారు?" ఆ తర్వాత పిల్లని అడిగారు, ఏమైనా చెప్పుకుంటావా అని.

పిల్ల నా వైపు ఒకసారి చూసింది. "టోపీ పెట్టుకున్నాను. అది తప్పే. నీల్లు పోసింది మాత్రం తప్పు కాదు" అంది. బల్ల మీద ఉన్న టోపీ తనే తీసి, పైట చెంగుతో దుమ్ము తుడిచి, రేంజరు చేతిలో పెట్టింది. ఆయన పుచ్చుకోక ఏం చేస్తాడు? కేసు కొట్టేశారు.

దొరసాని అంతా చూస్తూ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ టేపుతో తర్వాత ఎవరి తలా కొలవగా నేను చూడలేదు. పిల్లల రవికలు కుట్టడానికి పనికొచ్చింది. డిప్యూటీ కలెక్టరు గారికి మర్నాడు కణుజు దుప్పి దొరికింది. దొరక్కపోయినా ఈ కథలో తేడా ఏం రాదు గానీ, దొరికింది.

పిల్లని ఇంటికి నేనే తీసుకెళ్తానన్నాను. మర్నాడు పొద్దున్నే బయలుదేరి రెండు కొండలూ ఎక్కి దిగాం. ఊరు కనబడగానే నా గొడుగు లాక్కుని, ముందుకి వంచి పట్టుకుని, దాని చాటున నక్కి నడవడం మొదలుపెట్టింది. ఏమిటే ఈ వేషాలంటే ఉష్ అంది.

ఊరి మొదట్లో డప్పు లేదు. వెదురుగెడ దారి పక్కన ఎండిన ఆకుల్లో పడి ఉంది. ఆడవాళ్లు కొందరు అక్కడే కూర్చుని ఉన్నారు. అందులో ఒకామె కళ్లు వాచిపోయి ఉన్నాయి. తల్లి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. హోము మనిషినని నన్ను చూడగానే పోల్చుకున్నారు. ఏం కబురు తెచ్చానో అడగడానికి భయపడుతున్నారు. చివరికి ఒక పెద్దామె లేచి అడిగింది.

"అక్కడి నుంచి వత్తన్నావా అమ్మగోరూ? ఏటి తెచ్చినావు?"

నేను గొడుగు పక్కకి లాగేశాను.

"ఇదిగో" అన్నాను. "దీన్ని తెచ్చాను."

ఆ తల్లి పరిగెత్తుకొచ్చిన తీరు, పిల్లని నేలకి ఆననివ్వకుండా ఎత్తుకున్న తీరు నేను రాయలేను. మగవాళ్లు ఇళ్లలోంచి విల్లంబులు తీశారు. ఎవరో డప్పు మీద దెబ్బ వేశారు. విత్తనాల గంప దింపడానికి ఎవరో అటక ఎక్కారు. వాకిళ్లలో ఆడవాళ్లు నా చుట్టూ చేరి వేటనుంచి వచ్చిన మొగాడికి పాడినట్టు పాట పాడారు. పాతికేళ్ల పైచిలుకు ఉద్యోగంలో నాకు పతకాలు చాలానే వచ్చాయి గానీ, ఆ పాట లాంటిది మళ్లీ దొరకలేదు.

మధ్యాహ్నం తిండి తిని బయలుదేరాను. ఊరి మొదట్లోకి వచ్చేసరికి గెడ దారికి అడ్డంగా లేచి ఉంది. దాని వెనక నిలబడి చెయ్యి చాపింది ఎవరనుకున్నారు? ఆ గుంటే.

"పజోరు" అంది.

"డబ్బుల్లేవే" అన్నాను.

"గొడుగుంది కదా" అంది.

ఇచ్చేశాను. చైత్రమాసపు ఎండ, నెత్తిన కొంగు కప్పుకుని రెండు కొండలూ నడిచి హోముకి వచ్చాను.